అత్త చెప్పిన మెట్టు

మనసులో ఉన్నది ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. నా తోటికోడలు జీనత్ అంటే నాకు కుళ్లు. చిన్నపాటి కుళ్లు కాదు. మా వీధి చివర ఆమె కట్టించిన రెండంతస్తుల ఇంటి నీలం కప్పు మా వంటింటి కిటికీలోంచి కనబడుతుంది. టీకి పాలు కాచేటప్పుడు అటు చూడకూడదనే అనుకుంటాను. చూస్తాను. పాలు పొంగిపోతాయి.

పన్నెండేళ్లు ఆమె, మా మరిది నది అవతల కజఖ్‌ల దేశంలో, అల్మాటీలో ఉన్నారు. మేం మాత్రం చూయ్ నదికి ఇవతల, తోక్మోక్‌కు అరగంట దూరంలో ఉన్న మా ఊళ్లోనే ఉండిపోయాం. నేను బడిలో భూగోళం చెబుతాను. మా ఆయన జూమార్త్ ట్రాక్టర్ నడుపుతాడు. ఊరొదిలి వెళ్లేనాటికి మరిదికి రెండంటే రెండు చొక్కాలు. అక్కడ మొదట లారీ తోలాడు, తరవాత టైర్ల కొట్లో వాటా తీసుకున్నాడు, ఆ తరవాత కొట్టే అతనిదైపోయింది. ఇప్పుడు కొట్టు మనుషులకు అప్పగించి, సొంతూళ్లో ఉండాలని వచ్చేశారు. ఉంటే ఉండనీ, ఊరు నా ఒక్కదానిదా? కానీ వాళ్లు ఉండటానికి మాత్రమే రాలేదు. అత్తను తీసుకెళ్లడానికి వచ్చారు.

మా కిర్గిజ్ ఇళ్లలో పెద్దకొడుకులు పెళ్లయ్యాక వేరే ఇల్లు కట్టుకుని వెళ్లిపోతారు. తల్లిదండ్రులు కడగొట్టు కొడుకు దగ్గరే ఉంటారు. వాళ్లను చూసుకునే భారం వాడిది, వాడి పెళ్లాంది. భారమూ వాళ్లదే, గౌరవమూ వాళ్లదే. మా ఆయన పెద్దవాడు, మరిది కడగొట్టువాడు. అతను ఊరొదిలాడు కాబట్టి అత్త మా ఇంటికి వచ్చింది. అంటే ఈ పన్నెండేళ్లూ నేను జీనత్ చోట్లో కూర్చున్నాను. ఆ సంగతి నేను మరిచిపోయాను, ఆమె మరవలేదు.

అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. నాకా ఉత్తమత్వం అక్కర్లేదు. మా అమ్మ నా పదిహేడో ఏట పోయింది. ఇరవయ్యో ఏట అత్తింటికి కోడలిగా వచ్చాను. రొట్టె మాడిస్తే మాడిన ముక్క తన పళ్లెంలోకి లాక్కుని, నాకు మాడొక్కటే అరుగుతుంది అనేది అత్త. అది అబద్ధమని నాకు మూడేళ్లకు గానీ తెలియలేదు. కోడళ్లం అత్తమామల పేరు నోటితో పలకకూడదు కనుక ఇక్కడా ఆవిడ పేరు రాయను. ఆవిడకు ఎనభై ఏళ్లు, మోకాళ్లు పనిచేయవు, నోరు బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ఆ వసంతమంతా మా రెండిళ్ల మధ్య ఎన్నికల ప్రచారమే నడిచింది. జీనత్ లోపల ఉన్ని ఉన్న బూట్లు తెచ్చింది. నేను కొత్త ఉన్నితో పరుపు కుట్టించాను. ఆమె అల్మాటీ ఆపిల్ పళ్లు తొక్క తీసి ముక్కలు కోసి పంపింది. నేను వేయించిన మాంసం పళ్లులేని నోటికి వీలుగా సన్నగా తరిగి పెట్టాను. నేను చతికిలపడింది మరుగుదొడ్డి దగ్గర. మాది పెరట్లో, ఆప్రికాట్ చెట్లు దాటాక ముప్పై అడుగుల దూరం. మార్చి దాకా మంచు. అత్త ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం పట్టుకుని వెళ్లి వచ్చేది. వాళ్లది ఇంట్లోనే. పైగా నేల కింద తీగలు వేయించారట, ఒట్టికాళ్లతో నడిచినా వెచ్చగా ఉంటుందట. ఒకసారి అత్త అక్కడికి వెళ్లి వచ్చి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నా కడుపు మండించింది.

అన్నదమ్ములిద్దరూ రెండుసార్లు కూర్చుని మాట్లాడుకున్నారు. మరిది ఆచారం ఆచారమే అన్నాడు. మా ఆయన, పన్నెండేళ్లు నిద్రపోయిన ఆచారం ఇప్పుడెందుకు లేచిందని అడిగాడు. చలికాలం వాళ్లింట్లో, ఎండాకాలం మా ఇంట్లో ఉంచుకుందామని ఎవరో మధ్యవర్తి సలహా చెప్పారు. జీనత్ ఒప్పుకోలేదు.

"చలికాలం ఒక చోటా, ఎండాకాలం ఒక చోటా తోలడానికి అత్తేమన్నా గొర్రెలమందా?" అంది.

"ముందు నువ్వు పన్నెండేళ్లు ఏ మేతకెళ్లావో అది చెప్పు," అన్నాను నేను.

ఆమె మొహం ఎర్రబడింది. నాకు ఆ పూట అన్నం బాగా సహించింది.

ఇక నా రెండో ఉద్యోగం సంగతి చెప్పాలి. పదకొండేళ్లుగా ప్రతి ఏప్రిల్‌లోనూ బిష్కెక్ నుంచి వచ్చే ఒక సర్వే సంస్థకు ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగిపెడతాను. పది మెట్ల నిచ్చెన ఒకటి ఊహించుకోండి, అన్నిటికన్నా మంచి బతుకు పై మెట్టు, అన్నిటికన్నా చెడ్డ బతుకు నేల, మీరిప్పుడు ఏ మెట్టు మీదున్నారు? మీ దేశంలో ప్రజాస్వామ్యం పదికి ఎంత? ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తేడా తగ్గాలా, ఉంటేనే మంచిదా? ఇలాంటివే. ఈ ప్రశ్నలే నూరు దేశాల్లో అడుగుతారట. ఎక్కడో ఉత్తరాన, ముక్కు ఊడిపోయే చలిలో ఉండేవాళ్లు నిచ్చెన పైన కూర్చుంటారు. కజఖ్‌లు మాకంటే కాస్త పైన. వాళ్ల దగ్గర డబ్బుంది. మేం మూడుసార్లు అధ్యక్షుల్ని తరిమేశాం, వాళ్లు అలాంటి పని చేయలేదు. మరి తరిమిన మేం పైనుండాలి కదా అని ఒకసారి శిక్షణలో అడిగాను. మా సూపర్‌వైజరు గడ్డం గోక్కుని, బతుకు మెట్టు, ప్రజాస్వామ్యం, తేడా, ఈ మూడింటికీ ఉన్న ముడి పెద్ద చదువులవాళ్లకే పూర్తిగా విడిపడలేదు, మనం ప్రశ్న అడగాలి, జవాబు రాసుకోవాలి, మొహంలో ఏమీ కనబడనివ్వకూడదు, అంతే అన్నాడు.

బంధువుల్ని అడగకూడదని నియమం. అందుకని మా వీధిని పక్క ఊరి పెరిజాత్‌కు ఇస్తారు, వాళ్ల వీధి నేను తీసుకుంటాను. పెరిజాత్ కొత్త పెళ్లికూతురు, నోట్లో నువ్వుగింజ నానదు. జవాబులు బయటికి చెప్పకూడదని తెలిసీ ఆ మధ్యాహ్నం మా గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"మీ వీధికేమైందక్కా? పోయినేడు ఎవర్నడిగినా ఆరూ ఏడూ అన్నారు. ఈయేడు ఒక్కరూ అయిదు దాటట్లేదు."

ఎవరికేం తగ్గిందని అడిగాను. ఎవరికీ ఏమీ తగ్గలేదంది. అవే ఆవులు, అవే పొలాలు, రష్యాలో ఉన్న పిల్లలు పంపేదీ అంతే. నాకు మాత్రం వెంటనే అర్థమైంది. పోయినేడు ఈ వీధిలో నేల వెచ్చగా ఉండొచ్చని ఎవరికీ తెలియదు. నీలం కప్పు నా పాలు ఒక్కటే పొంగించట్లేదన్నమాట. కుళ్లులో తోడు దొరికితే కొంచెం హాయిగా ఉంటుంది. ఆ హాయి నేను అనుభవించాను, దాచడమెందుకు.

ఇంట్లో ఎవరిని అడగాలో కూడా నియమమే చెబుతుంది. ఎవరి పుట్టినరోజు ముందు వస్తే వాళ్లు. అత్తకు తను పుట్టిన రోజు తెలియదు. ఆప్రికాట్లు పూత రాల్చే వేళకు పుట్టిందని వాళ్లమ్మ చెప్పిందట. సోవియట్ల కాలంలో కాగితం రాసిన గుమాస్తాకు ఆ పూతతో పనిలేక, గుర్తుండే పండగ రోజని మే ఒకటి వేసుకున్నాడు. మేం ఏప్రిల్ చివర్లో ఉన్నాం. ఆ గుమాస్తా పుణ్యమా అని ప్రశ్నలు అత్తకు పడ్డాయి.

ప్రశ్నలు అడిగేటప్పుడు గదిలో మూడో మనిషి ఉండకూడదు. పదకొండేళ్లుగా ఎందరో అత్తల్ని మర్యాదగా బయటికి పంపి వాళ్ల కోడళ్లను మాట్లాడించినదాన్ని నేను. ఇప్పుడు టీ పెట్టి తెస్తానని లేచి, వంటింట్లోకి వెళ్లి, తలుపు వారగా నిలబడ్డాను. సిగ్గుపడ్డాను గానీ కదల్లేదు.

పెరిజాత్ నిచ్చెన సంగతి చెప్పింది.

"నా మోకాళ్ల చేత మెట్లెక్కించకే తల్లీ," అంది అత్త. "పదున్నాయంటావా? ఏడెయ్."

ఏడు. వీధి మొత్తం అయిదు దగ్గర చతికిలపడితే మా అత్త ఏడు. అది నా ఇల్లు, నా వంట, నా భుజం. తలుపు చాటున నేను గర్వంతో ఉబ్బిపోయాను.

ఉన్నవాడికీ లేనివాడికీ తేడా గురించి అడిగితే అత్త విందు సంగతి ఎత్తింది. విందులో గొర్రెను కోస్తే ఎముకలు వయసునిబట్టి, వరసనిబట్టి పంచుతారు, అందరికీ తొడ ఎముకే రాదు, ఎవరూ దానికి ఏడవరు అంది. "కానీ ఒక్కడి చెయ్యి ఖాళీగా ఉంటే మాత్రం ఆ విందు విందు కాదు. అలా రాసుకో." రాసుకోవడానికి ఒకటి నుంచి పది దాకా అంకెలే ఉన్నాయని పెరిజాత్ గొణిగింది. ఏ అంకె వేసిందో నాకు తెలియదు.

తరవాత ప్రజాస్వామ్యం ప్రశ్న వచ్చింది.

"దేశానికైతే అయిదెయ్. ఎన్నికలప్పుడన్నా గుమ్మంలోకొచ్చి ఏం కావాలవ్వా అని అడుగుతారు, అబద్ధానికైనా. ఈ ఇంటికైతే ఒకటెయ్."

"ఇంటి గురించి లేదవ్వా ఇందులో."

"లేకపోతే నువ్వే రాసుకో. నెల్లాళ్ల నుంచి ఇద్దరు కొడుకులూ ఇద్దరు కోడళ్లూ నేనెక్కడుండాలో తేలుస్తున్నారు. బూట్లు తెస్తారు, పరుపు కుడతారు. ముసిల్దానా, నువ్వెక్కడుంటావే అని ఒక్కరూ అడగలేదు."

నా చేతిలో టీ చల్లారిపోయింది. నేను వేలమందిని వేల ప్రశ్నలు అడిగినదాన్ని. పక్క ఊళ్లో ముక్కూమొహం తెలియని ముసలమ్మల్ని, మీ బతుకు ఎలా ఉందమ్మా అని అడిగి నాలిక అరగదీసుకున్నదాన్ని. మా ఇంట్లో ఉన్న మనిషిని అడగాలని నాకు తోచలేదు.

మంచి మనసుతో సరిదిద్దుకున్నానని చెబితే బాగుంటుంది గానీ అది నిజం కాదు. నాకు తోచింది వేరు. ఏడు అంది కదా, ఇప్పుడు అడిగితే గెలుపు నాదే. అందరి ముందూ అడిగితే జీనత్ మళ్లీ నోరెత్తలేదు. మా ఆయనకు చెబితే తల అడ్డంగా ఊపాడు. అడిగితే వినాల్సి వస్తుంది, ఆలోచించుకో అన్నాడు. ఆలోచించుకోవడానికేముందన్నాను.

ఆదివారం పొద్దున మరిదినీ జీనత్‌నూ టీకి పిలిచాను. నూనెలో వేయించిన రొట్టెముక్కలు బల్ల నిండా పరిచాను, మూడు రకాల జామ్ పెట్టాను. అందరికీ గిన్నె సగానికి పోసి, జీనత్‌కు మాత్రం అంచు దాకా పోశాను. సగం పోస్తే ఇంకా ఉండమని, నిండా పోస్తే తాగి వెళ్లమని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. జీనత్ గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. నింపాదిగా చివరి చుక్క దాకా తాగి, మళ్లీ గిన్నె చాపింది. గట్టిపిండమే.

నేను గొంతు సవరించుకుని, అత్తా, నువ్వు ఎవరింట్లో ఉంటావో నువ్వే చెప్పు, నువ్వేం చెబితే అదే ఖాయం అన్నాను. మరిది తల వంచుకున్నాడు. జీనత్ చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ చేతులు నేను అప్పుడే సరిగా చూశాను. వేళ్లకు ఉంగరాలున్నాయి, కానీ కణుపులు ఉబ్బిపోయి, చర్మం పగిలి, బట్టలుతికేవాళ్ల చేతుల్లా ఉన్నాయి.

"దాని దగ్గరుంటా," అంది అత్త, జీనత్ వైపు గడ్డం చూపిస్తూ.

నేను తప్పు విన్నానేమో అనుకున్నాను. మా ఆయన నా వైపు చూడకుండా జామ్ గిన్నె అటూ ఇటూ జరిపాడు. వెచ్చని నేల కోసమా అత్తా అని అడిగాను. 

"నేల కోసమైతే పోయిన నెల్లోనే పోయేదాన్ని. ఇక్కడ నాకేం తక్కువే? నీ వాటాకి నేను పన్నెండేళ్లొచ్చాను. దానికి ఒక్కేడూ రాలేదు. దాని చెయ్యి ఖాళీగా ఉంది."

"ఖాళీనా? రెండంతస్తుల మేడ కట్టుకున్న చెయ్యి ఖాళీనా?"

అప్పుడు జీనత్ మాట్లాడింది. నా వైపు కాదు, బల్ల వైపు చూస్తూ మాట్లాడింది. అల్మాటీలో మొదటి ఏడేళ్లు ఆమె ఏం చేసిందో మాకెవరికీ చెప్పలేదు. కొండవాలున ఎత్తు ప్రహరీల వెనక ఉన్న ఒక ఇంట్లో, మంచం పట్టిన ముసలావిడకు నీళ్లు పోసి, తినిపించి, పక్క మార్చిందట. ఆవిడ కోడలు పై అంతస్తులో ఉండేదట, వారానికోసారి దిగి వచ్చి ఎలా ఉన్నారని గుమ్మంలోంచి అడిగి వెళ్లేదట. నేను ఫోన్లో ఫోటోలు పంపేదాన్ని, అత్తకు తల దువ్వుతూ, అత్త పక్కన కూర్చుని నవ్వుతూ. అవి ఆ ఇంటి స్నానాల గదిలో నిలబడి చూసేదట.

"నిన్ను చూసి ఎంత ఏడ్చేదాన్నో నీకు తెలీదక్కా. పరాయి ముసల్దానికి నేను కడుగుతున్నాను, నా అత్తకి నువ్వు జడేస్తున్నావ్. నాకు జీతమొచ్చేది, నీకు అత్తొచ్చింది."

ఆ ఫోటోలు నేను ఊరికే పంపలేదు. నీకు డబ్బుంటే ఉండొచ్చు, ఇది నాదగ్గరే ఉందని చూపించడానికి పంపాను. పన్నెండేళ్లు ఆమె నిచ్చెన కింద నిలబడి నన్ను చూస్తుంటే, నేనేమో ఆమె పైనుందనుకుని కుళ్లిపోయాను. అది తెలిశాక నా కుళ్లు పోయిందా అంటే, పోలేదు. ఆ క్షణంలో అత్త ఆమె చెయ్యి అందుకుని నిమురుతోంది. పగిలిన ఆ చర్మం మీద అత్త వేళ్లు కదులుతుంటే నాకు లేచి వెళ్లి మధ్యలో కూర్చోవాలనిపించింది. కానీ అడిగింది నేను. నువ్వేం చెబితే అదే ఖాయమన్నదీ నేనే.

మర్నాడు అత్త సామాను మార్చాం. నేనే కొత్త పరుపు మోసుకెళ్లాను. నేల నిజంగానే వెచ్చగా ఉంది. జీనత్ కాగితమూ పెన్నూ పట్టుకుని, సర్వేకొచ్చిన మనిషిలాగే, వరసగా అడిగింది. అత్త ఏ వైపు తిరిగి పడుకుంటుంది, టీలో పాలు ఎన్ని, ఏ మందు పొద్దున, ఏ మందు భోజనమయ్యాక. అన్నీ చెప్పాను. ఒక్కటి చెప్పలేదు. మధ్యాహ్నం పూట అత్తకు కాళ్లు ఒత్తితే గానీ నిద్ర పట్టదు. ఊరికే ఒత్తితే చాలదు. గొర్రెతోక కొవ్వు కాస్త వేడిచేసి రాసి, బొటనవేలితో మడమ దగ్గర్నుంచి మెల్లగా పైకి నొక్కుతూ వచ్చి, చివర్న కాలివేళ్లు ఒక్కొక్కటే లాగాలి. కావాలనే చెప్పలేదు. తెలుసుకోనీ, తనే తెలుసుకోనీ అనుకున్నాను.

ఇంటికి వచ్చి అత్త గది ఊడ్చాను. మళ్లీ ఊడ్చాను. మూడు రోజులు మధ్యాహ్నం పూట ఏం చేయాలో తోచక పిల్లల పరీక్ష కాగితాలు దిద్దాను. పాపం, ఆ వారం మార్కులు బాగా తగ్గాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం జీనత్ వచ్చింది. కళ్ల కింద నల్లగా ఉంది. అత్త మూడు రోజులుగా పగలు కునుకు తీయట్లేదని, సాయంత్రానికల్లా చిరాకు పడుతోందని, ఏం చేయాలో చెప్పమంటే చెప్పట్లేదని అంది.

"ఏమంటుందో తెలుసా అక్కా? అది పెద్దకోడలి పని, దాన్నే అడుగు, అంటుంది. ఏంటది?"

ఒక్క మాటలో చెప్పేయొచ్చు అత్త, కాళ్లొత్తవే అని. చెప్పలేదు. మూడు రోజులు నిద్ర మానుకుంది గానీ చెప్పలేదు. నేను వంటింట్లోకి వెళ్లి కొవ్వు డబ్బా వెతుకుతున్నట్టు కాసేపు అటు తిరిగి నిలబడ్డాను. కళ్లు తుడుచుకుని, డబ్బా తీసుకుని, పద అన్నాను.

అత్త పక్క మీద వెల్లకిలా పడుకుని ఉంది. మేమిద్దరం వస్తే కాళ్లు చాపింది. నేను కుడికాలు నా ఒళ్లోకి తీసుకున్నాను. ఎడమకాలు జీనత్ వైపు జరిపి, నేను చేసినట్టే చెయ్యి, కుడికాలు జోలికి మాత్రం రాకు, అది నాది అన్నాను. ఆమె చేతులకు కొవ్వు రాసుకుంది. ఏడేళ్లు ఆ పని చేసిన చేతులు కదా, ఒక్కసారి చూపించగానే పట్టేసింది. మడమ దగ్గర్నుంచి పైకి, ఏమాత్రం తొందరపడకుండా. నాకంటే మెత్తగా చేస్తోందేమో అని అనుమానం వచ్చింది. అనుమానం వచ్చాక ఊరుకోవడం నాకు చేతకాదు.

"అత్తా, ఎవరి చెయ్యి బాగుంది?" అని అడిగాను.

జీనత్ చేతులు ఆగాయి. ఇద్దరం అత్త మొహంలోకి చూశాం. అత్త కళ్లు మూసుకుని గురక పెట్టింది. పన్నెండేళ్లుగా ఆవిడ గురక వింటున్నాను. అది నిజం గురక కాదు.